నగర మనిషి ప్రకృతికి దూరమవడం మీద వచ్చిన కళలో మీకు గుర్తుండిపోయింది ఏది?

ఈ అంశం మీదే బొమ్మలు వేయాలనుకుంటున్నానని అన్నారు కాబట్టి సూటిగా చెప్తాను. ఈ కోవలో వచ్చే బొమ్మలు చాలావరకు నన్ను కదిలించవు. గాజు సీసాలో చెట్టు, మాస్కు పెట్టుకున్న పిల్లాడు, సగం ఆకులూ సగం సిమెంటూ ఉన్న ముఖం... చూడగానే అర్థమైపోతాయి, అంతే త్వరగా మర్చిపోతాం కూడా.

నాకు గట్టిగా తగిలింది న్యూయార్క్ సోహోలో చూసిన ఒక గది, గది అంటే గది నిండా మట్టి. వాల్టర్ డి మరియా అనే అమెరికన్ కళాకారుడు 1977లో చేసిన 'న్యూయార్క్ ఎర్త్ రూమ్' అది. తెల్ల గోడల మధ్య 22 అంగుళాల మందాన నల్లటి మట్టి పరిచి ఉంటుంది, మొత్తం 250 ఘనపు గజాలట, ఇంకేమీ లేదు. మట్టి కనపడకముందే తడి నేల వాసన తగులుతుంది, దగ్గరికెళ్తే అడ్డంగా గాజు పలక, కాలు పెట్టకూడదు, ఫొటో తీయకూడదు. మట్టిని చూడ్డానికి మెట్లెక్కి రావడమేంటని నవ్వొచ్చింది ముందు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ మట్టి ఆరిపోకుండా నీళ్లు పెడతారు, పైపైన దంతెతో సర్దుతారు, పొరపాటున పుట్టగొడుగు లేస్తే తీసేస్తారు. మన అపార్ట్‌మెంట్ లాన్ల పద్ధతీ ఇదే కదా! పచ్చదనం కావాలి, కానీ మనం గీసిన గీత దాటకూడదు, మనల్ని అడక్కుండా ఏదీ మొలవకూడదు. దూరమవడం అంటే చెట్లు లేకపోవడం ఒక్కటే కాదని నాకు అక్కడే అనిపించింది.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి 1982లో అదే నగరంలో వేసిన గోధుమ చేను. దాన్ని నేను ఫొటోల్లోనే చూశాను. వాల్ స్ట్రీట్‌కు కూతవేటు దూరంలో, వరల్డ్ ట్రేడ్ సెంటర్ పునాదుల కోసం తవ్విన మట్టితో పూడ్చిన ఖాళీ జాగాలో, రాళ్లూ చెత్తా ఏరి, చేత్తో చాళ్లు తీసి 2 ఎకరాలు పండించారు, ఆగస్టులో కోస్తే వెయ్యి పౌండ్లకు పైగా గింజలొచ్చాయి. కోట్ల డాలర్ల స్థలంలో గోధుమలేంటి అని ఎవరైనా అడుగుతారు, ఆ ప్రశ్న రావాలనే ఆవిడ వేసింది. ఇప్పుడక్కడ చేను లేదు, బ్యాటరీ పార్క్ సిటీ భవనాలున్నాయి.

మీరు వేసేది బొమ్మే కాబట్టి మట్టి తెచ్చి పోయమనను. కొట్టేసిన చెట్లను వదిలేసి, మనం ముద్దుగా పెంచుకుంటున్నవాటిని గీయండి. మొదలు చుట్టూ టైల్స్ వేసిన చెట్టు, లిఫ్టులో పైకెళ్తున్న పూలకుండీ, ప్లాస్టిక్ తీగలు చుట్టిన బాల్కనీ, దాని మీద వాలబోయి వెనక్కెళ్లే పిచ్చుక (ఇదైతే నేనే గీద్దామనుకున్నా, మీరే తీసుకోండి).