మిషన్ కొనేముందు నీ టేకు ముక్క కోయించి చూడు

అల్లుడూ,

చెక్క మీద నగిషీ చెక్కడానికి నువ్వు కొనాలనుకుంటున్న సీఎన్‌సీ రౌటర్ల (కంప్యూటర్ ఫైలు చూసి కోసే మిషన్లు) ఫొటోలు రెండూ చూశాను. ఒకటి టేబుల్ మీద పట్టేది, రెండోది నాలుగు బై ఎనిమిది అడుగుల బెడ్ (చెక్క పరిచే బల్ల) ఉన్నది. ఏది కొనమంటావు మామయ్యా అన్నావు. నన్నడిగితే రెండూ వద్దు. కోప్పడకుండా చివరిదాకా చదువు.

ముందు నీ పని సంగతి చూద్దాం. నీకు ఆదివారాలూ సాయంత్రాలూ తప్ప తీరిక లేదు. మెట్ల పక్కన ఉన్న గది పది బై పన్నెండు. నువ్వు చెయ్యాలనుకునేవి దేవుడి మందిరం తలుపులు, నేమ్ బోర్డులు, గోడకి పెట్టే చెక్కుడు పలకలు, ఎప్పుడైనా ఒక సింహద్వారం. ఆ సింహద్వారం కోసమే నీ మనసు పెద్ద మిషన్ మీదికి పోయిందని నాకు తెలుసు. కానీ మన టేకు తలుపు ఏడడుగులూ ఒకే పలక కాదు కదరా. చుట్టూ ఫ్రేమ్, మధ్యలో పలకలు. నగిషీ ఎక్కువగా ఉండేది ఆ పలకల మీదే. బజార్లో 6090 అంటారు చూడు, 600 బై 900 మిల్లీమీటర్ల బెడ్, అంటే రెండు బై మూడు అడుగులు. ఆ పలకలన్నీ దాని మీద చక్కగా పడతాయి. నాలుగు బై ఎనిమిది తెచ్చి, చుట్టూ మనిషి తిరిగే జాగా వదిలితే నీ గదిలో చెక్క పెట్టుకోవడానికి కూడా చోటుండదు.

ఇక ఆ చిన్నది, 3018. బెడ్ 300 బై 180 మిల్లీమీటర్లు. పని నేర్చుకోవడానికి, మెత్తటి చెక్క మీద అక్షరాలు చెక్కడానికి పరవాలేదు. టేకులో దేవతామూర్తి చెక్కాలంటే మాత్రం చిన్న లెక్క వేసి చూడు. అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు పలక అనుకో. చివర గుండ్రంగా ఉండే సన్న బిట్‌తో (చెక్కని కోసే ములికి) ఫినిషింగ్ చేసేటప్పుడు గీతకీ గీతకీ మధ్య 0.2 మిల్లీమీటర్లు జరుపుతావు. 300 మిల్లీమీటర్ల వెడల్పుకి 1,500 గీతలు. ఒక్కో గీత 600 మిల్లీమీటర్లు. మొత్తం 900 మీటర్ల నడక. గట్టి మిషన్ నిమిషానికి రెండు మీటర్లు నడిస్తే ఏడున్నర గంటలు. బలహీనమైన మిషన్, పలక పట్టేంత బెడ్ ఉన్నా సరే, నిమిషానికి 800 మిల్లీమీటర్లు దాటితే వణుకుతుంది. అప్పుడు అదే పని దాదాపు పంతొమ్మిది గంటలు. పైగా ఇది ఫినిషింగ్ ఒక్కటే. ముందు మోటుగా తీసే పని వేరే ఉంటుంది.

అందుకే నేను బెడ్ సైజు కంటే ముందు మిషన్ ఒళ్లు ఎంత గట్టిగా ఉందో చూడమంటాను. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి మిషన్ కేటలాగ్ చూసి కొన్నాను. పెద్ద బెడ్, మెరిసే పెయింటు. కింద చూస్తే గుండ్రటి రాడ్ల మీద నడిచే బ్రిడ్జి (బిట్‌ని మోసే అడ్డదూలం). మొదటి వారం ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) కోస్తే బ్రహ్మాండంగా కోసింది. రెండో వారం ఎవరిదో ఇంటి లక్ష్మీదేవి పలక టేకులో పెట్టాను. తామర రేకుల మీద అలలు అలలుగా గీతలు పడ్డాయి. అవి తర్వాత ఉలితో సర్దుకోవచ్చులే అనుకుంటూ ఉండగానే కరెంటు పోయింది. వచ్చాక మొదలుపెడితే అమ్మవారి చెయ్యి ఒక పక్క, బిట్ కోసేది ఇంకో పక్క. అమ్మినతను మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు. ఆ పలక ఇప్పటికీ అటక మీద ఉంది. మీ అత్తయ్య దాన్ని పారెయ్యనివ్వదు.

నువ్వు చూడాల్సింది చదరపు గైడ్ రైళ్లు (పట్టాల్లాంటి ఉక్కు కడ్డీలు), వాటి మీద జారే బ్లాకులు. 20 మిల్లీమీటర్ల రైళ్లయితే నీ సైజుకి నిశ్చింత. కదిలించడానికి బాల్ స్క్రూ (లోపల గోళీలతో తిరిగే మర) ఉండాలి. రబ్బరు బెల్టు వద్దు. బ్రిడ్జి అల్యూమినియందైనా సరే, మందంగా ఉండాలి. బ్రిడ్జి కింద ఎత్తు ఎంతో తప్పకుండా కొలువు. రెండంగుళాల టేకు, దాని కింద 18 మిల్లీమీటర్ల బలిపలక (బెడ్‌కి గాటు పడకుండా వేసే పలక), పైన పొడుగాటి బిట్. ఇవన్నీ కలిపితే నాలుగంగుళాల ఖాళీ కూడా ఇరుకే అనిపిస్తుంది.

షోరూంలో వాళ్లు కోసి చూపించే ముక్క చూసి మోసపోకు. చిత్రిక పట్టిన నీ టేకు ముక్క నువ్వే పట్టుకెళ్లు. స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) తిరగకుండా, కదిలించే మోటార్లకి కరెంటు ఉంచి, దానికి డయల్ గేజ్ (కొద్దిపాటి కదలికనీ ముల్లుతో చూపేది) ఆనించి, ఒక చేత్తో పక్కకి గట్టిగా నెట్టు. ముల్లు 0.1 మిల్లీమీటరు దాటి కదిలితే నేనైతే కొనను. తర్వాత 150 మిల్లీమీటర్ల గుండ్రం ఒకటి కోయమను. పైనా కిందా, కుడీ ఎడమా, ఆ నాలుగు చోట్ల వేలు పెట్టి తడిమి చూడు. బిట్ దిశ మార్చుకునేది అక్కడే. స్క్రూలో ప్లే (వదులు) ఉంటే ఆ చోట్ల చిన్న మెట్టు గానీ చదును గానీ దొరుకుతుంది. ఒక అడుగు చదరం కోయించి మూల నుంచి మూలకి రెండువైపులా టేపు పెట్టు, రెండు కొలతలూ ఒకటే రావాలి. మనం గుమ్మానికి చూసుకునే మూలమట్టమే ఇదీనూ. చివరగా వెడల్పాటి బిట్‌తో పైభాగం చదును చేయించి గోరుతో అడ్డంగా గియ్యి. గోరు మెట్లు మెట్లుగా ఆగుతూ పోతే స్పిండిల్ నిటారుగా లేదన్నమాట. దాన్ని సర్దొచ్చు, కానీ మన కళ్లముందే సర్దించాలి. ఇవన్నీ చెయ్యడానికి అమ్మేవాడు విసుక్కున్నాడంటే రేపు సర్వీసుకి ఎలా వస్తాడో అప్పుడే తెలిసిపోతుంది.

స్పిండిల్ 2.2 కిలోవాట్లది తీసుకో, సుమారు మూడు హార్స్‌పవర్. ఇంట్లో సింగిల్ ఫేజ్ మీద నడిచేది దొరుకుతుంది. దానికి ఈఆర్20 సైజు కాలెట్లు (బిట్‌ని బిగించి పట్టేవి) వస్తాయి, అరంగుళం షాంక్ (బిట్ కాడ) దాకా పడుతుంది. పావంగుళం బిట్‌కి పావంగుళం కాలెట్, 6 మిల్లీమీటర్ల బిట్‌కి దాని కాలెట్ వేరేగా కొనుక్కో. దగ్గరగానే ఉన్నాయి కదా అని మార్చి పెడితే పని మధ్యలో బిట్ కిందికి జారుతుంది. నీళ్లతో చల్లబడేదా, గాలితోనా అంటే, నీళ్లది చప్పుడు తక్కువ. కానీ పంపు ఆగితే స్పిండిల్ కాలిపోతుంది, బోరు నీళ్లు పోస్తే లోపల గారపడుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, పంపు మీద కన్నేసి ఉంచే ఓపిక ఉంటే అదే తీసుకో. లేకపోతే గాలిది మేలు. పక్కింటివాళ్లతో మాత్రం ముందే ఒక మాట చెప్పుకో.

ఈ మిషన్‌కీ, దుమ్ము లాగే డస్ట్ కలెక్టర్‌కీ కలిపి ఇంటి కనెక్షన్ లోడు సరిపోతుందో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడుగు. చాలకపోతే కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టు. మిషన్‌కి విడిగా ఒక ఎంసీబీ, మందం వైరు, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ప్రాణానికే ముప్పు, పైగా స్పిండిల్ వేగం మార్చే డ్రైవ్ పెట్టె పుట్టించే కరెంటు గోలకి కంట్రోలర్ (మిషన్‌ని నడిపే మెదడు) తిక్కతిక్కగా నడుస్తుంది.

కంట్రోలర్ విషయంలో నా ఓటు డీఎస్‌పీ అనే రకానికే, రిమోట్‌లా చేతిలో పట్టుకునేది. పెన్‌డ్రైవ్‌లో ఫైలు వేసి ఇస్తే చాలు, దుమ్ములో కంప్యూటర్ పెట్టక్కర్లేదు. ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టే ఆప్షన్ ఉందా, మూడు దిశల్లోనూ హోమ్ సెన్సర్లు (మిషన్‌కి మొదలుచోటు చూపేవి) ఉన్నాయా అని అడుగు. మిషన్‌ని కదిలించే మామూలు స్టెప్పర్ మోటారుకి కరెంటు పోతే తనెక్కడుందో గుర్తుండదు. సెన్సర్ దగ్గరికి వెళ్లొస్తేనే దారి తెలుస్తుంది. నా లక్ష్మీదేవి పలక పోయింది ఇవి లేకే.

సాఫ్ట్‌వేర్ దగ్గర ఒక వల ఉంది. "ఆర్ట్‌క్యామ్ ఫ్రీగా వేసిస్తాం సార్, ఐదు వేల డిజైన్లు కూడా" అంటారు. ఆర్ట్‌క్యామ్ అంటే చెక్కుడు డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్, దాని అమ్మకాన్ని ఆటోడెస్క్ కంపెనీ 2018లోనే ఆపేసింది. వాళ్లు వేసేది దొంగ కాపీ, దాంతో పాటు వైరస్ కూడా రావచ్చు. అక్షరాలూ, గీతల డిజైన్లూ అయితే వెక్ట్రిక్ వాళ్ల వీకార్వ్ చాలు. ఉబ్బెత్తు బొమ్మలు సొంతంగా మలచాలంటే అదే కంపెనీ ఆస్పైర్ కావాలి, ధర ఎక్కువ. మొదట ట్రయల్‌లో చెయ్యి తిరగనివ్వు. ఆ ఐదు వేల డిజైన్ల మాట కూడా చెప్పాలి. ఇప్పుడు ఏ కాలనీలో చూసినా అదే లక్ష్మి, అదే నెమలి. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాల వెళ్లి చేత్తో చెక్కేవాళ్ల పని ఒక పూట కూర్చుని చూసిరా. వంపు ఎక్కడ లోతుగా పోవాలో, ఎక్కడ తేలాలో అక్కడ తెలిసినట్టు ఏ కంప్యూటర్ ముందూ తెలియదు.

నువ్వు అనుకున్న డబ్బంతా మిషన్‌కే పెట్టెయ్యకు. నా లెక్కలో మూడో వంతు పక్కన ఉంచాలి. బిట్లు విరుగుతాయి, కొత్తలో మరీ. చెక్కని బిగించడానికి క్లాంపులు కావాలి. గాలి లాగి చెక్కని పట్టి ఉంచే వాక్యూమ్ బెడ్ అని ఆశపెడతారు, ఆ పంపు చప్పుడుకి ఇంట్లో ఉండలేం, క్లాంపులు బిగించే గాడులున్న టీ-స్లాట్ బెడ్ చాలు. డస్ట్ కలెక్టర్ మాత్రం తర్వాత చూద్దాంలే అనుకోకు. చెక్క దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు క్యాన్సర్ పరిశోధన సంస్థే తేల్చి చెప్పింది. ముప్పై ఏళ్లు మాస్కు లేకుండా పనిచేసిన నా దగ్గు నువ్వు వింటూనే ఉన్నావు. మిషన్ నడుస్తుండగా గది వదిలి వెళ్లకు. బిట్ మొద్దుబారి చెక్కని కాలిస్తే ఆ నిప్పురవ్వ డస్ట్ కలెక్టర్ దుమ్ము సంచిలోకే పోతుంది.

డబ్బు కట్టేటప్పుడు బిల్లు, వైరింగ్ డయాగ్రమ్, కంట్రోలర్ సెట్టింగుల కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో తీసుకో. అదే మిషన్ ఏడాది పైన వాడుతున్న ఒకరి నంబరు అడిగి, అమ్మేవాడు పక్కన లేనప్పుడు మాట్లాడు.

శనివారం బస్సెక్కేముందు ఫోన్ చెయ్యి. బాగా ఆరిన టేకు ముక్కలు రెండు, నా డయల్ గేజ్ సంచిలో పెట్టి ఉంచుతాను. గేజ్ ముల్లు సున్నితం, కింద పడేస్తే ఊరుకోను.

మీ మామయ్య