అప్పుడప్పుడు ట్రైలర్ లాగడానికి ఎస్‌యూవీ చాలదా?

ప్రశ్న: ఏడాదికి ఐదారుసార్లు చిన్న క్యాంపర్ ట్రైలర్ తగిలించుకుని వెళ్తాం. దాని ఖాళీ బరువు 1,150 కిలోలు. మిగతా రోజుల్లో ఇంట్లో ఐదుగురం తిరగడానికీ అదే బండి. ట్రైలర్ ఉంటే పికప్పే కొనాలని తెలిసినవాళ్లందరూ అంటున్నారు. మేం చూసిన ఎస్‌యూవీ 2,250 కిలోలు లాగుతుందని రాసి ఉంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: మీ అవసరానికి ఎస్‌యూవీ సరిపోతుంది. అయితే ఆ 2,250 అంకె చూసి నిర్ణయించుకోకండి. ఎస్‌యూవీకి ముందుగా అయిపోయేది లాగే శక్తి కాదు, మోసే శక్తి.

ట్రైలర్ బరువంతా దాని చక్రాల మీదే ఉండదు. నొగ చివరన ఉండే కప్లర్ కారు వెనక ఉన్న బంతి మీద కూర్చుంటుంది. బంతి హిచ్‌తో, అంటే కారు వెనక ట్రైలర్‌ను తగిలించుకునే బంతి అమరికతో, లాగే మామూలు ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ఆ బంతి మీద పడాలి. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. కారు దృష్టిలో అది డిక్కీలో వేసిన మూటతో సమానం, దాన్నీ కారే మొయ్యాలి.

డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత మించకూడదో చాలా బళ్లలో దాని మీదే ఉంటుంది. మీ బండికి అది 570 కిలోలు అనుకుందాం. పెద్దవాళ్లు ముగ్గురు, పిల్లలు ఇద్దరు కలిసి 270. డిక్కీలో సామాను 90. బంతి, దాని కడ్డీ, పనిముట్లు 20. మొత్తం 380 పోతే మిగిలింది 190 కిలోలు. టంగ్ వెయిట్ 12 శాతం అనుకుంటే ఆ 190 కిలోలకు తగిన ట్రైలర్ బరువు దాదాపు 1,580 కిలోలు. అంటే కుటుంబం ఎక్కి కూర్చునేసరికి 2,250 కాస్తా 1,580 అయింది. రేటింగు తప్పని కాదు. లాగే సామర్థ్యాన్ని కొలిచే ఎస్‌ఏఈ జే2807 పద్ధతిలో కారులో ఉన్నారనుకునేది ఇద్దరే, ఒక్కొక్కరు 68 కిలోలు. మీరు ఐదుగురు.

ఇక ట్రైలర్ సంగతి. 1,150 అన్నది ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి బరువు. నీళ్ల ట్యాంకులో 100 లీటర్లు పోస్తే 100 కిలోలు. బ్యాటరీ, గ్యాస్ సిలిండరు, పరుపులు, గిన్నెలు, మడత కుర్చీలు ఎక్కితే 1,400 చేరడం కష్టమేం కాదు. అందులో 12 శాతం 168. మీకు మిగిలిన 190లో సరిపోయింది, కానీ చేతిలో ఉన్నది 22 కిలోలే. పైన రూఫ్ బాక్స్ పెట్టి నింపారంటే ఆ మిగులు కూడా ఉండదు. బరువైన సామాను కారులోంచి తీసి ట్రైలర్ ఇరుసు దగ్గర సర్దుకుంటే సులువుగా గట్టెక్కుతారు.

కొనే ముందు ఇంకో మాట. ఒకే మోడల్‌లో కూడా ఏడు సీట్లు, అద్దాల పైకప్పు, పెద్ద చక్రాలు ఉన్న రకం ఎక్కువ బరువుంటుంది, కాబట్టి తక్కువ మోస్తుంది. బ్రోషర్ వద్దు. మీరు కొనబోయే బండి తలుపు దగ్గరి చీటీనే చదవండి. పికప్ కొనమన్న మీ స్నేహితులు కూడా అదే చీటీ చదవాలి. హంగులన్నీ ఉన్న నాలుగు తలుపుల పికప్పుల్లో చాలావాటికి మోసే బరువు ఎస్‌యూవీ కంటే మరీ ఎక్కువేమీ ఉండదు.

ప్రశ్న: మా ఎస్‌యూవీకి హిచ్ లేదు. బయట బిగించుకుంటే చాలదా? కంపెనీ టోయింగ్ ప్యాకేజీలో అంతకంటే ఏముంటుంది?

జవాబు: కంటికి కనిపించేది హిచ్ ఒక్కటే, డబ్బు పెట్టాల్సినది మాత్రం లోపల ఉంటుంది. ప్యాకేజీలో సాధారణంగా గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్, పెద్ద రేడియేటర్ లేదా ఫ్యాను, వైరింగు వస్తాయి. కొన్నిటిలో వెనక గట్టి స్ప్రింగులు, ట్రైలర్ లాగుతున్నప్పుడు గేర్లు మార్చే తీరును సరిచేసే మోడ్ కూడా ఉంటాయి. అవి లేని అదే మోడల్‌కు రేటింగు సగానికి పడిపోవచ్చు. ఎంత బలమైన హిచ్ బిగించినా కారు రేటింగు పెరగదు. కారు, హిచ్, బంతి, ట్రైలర్ ఇరుసు, ఈ నాలుగింట్లో ఏది తక్కువో అదే మీ పరిమితి.

పొడుగాటి ఘాట్ ఎక్కేటప్పుడు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ బాగా వేడెక్కుతుంది. కూలర్ లేకపోతే ఆయిల్ ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తుంది. అప్పటికే లోపలి క్లచ్ ప్లేట్లు అరగడం మొదలై ఉంటుంది. ఎత్తు ప్రాంతాల్లో టర్బో లేని ఇంజను ప్రతి 1,000 మీటర్లకూ దాదాపు 10 శాతం శక్తి కోల్పోతుందని కూడా గుర్తుంచుకోండి.

హిచ్ చదరపు గొట్టం కొలత చూడండి. 32 మిల్లీమీటర్లదైతే సాధారణంగా 1,580 కిలోల లోపు పనికే. అంతకు మించితే 50 మిల్లీమీటర్లది కావాలి. బంతిలోనూ తికమక ఉంది. యూరప్ బంతి 50 మిల్లీమీటర్లు, అమెరికాలో వాడే 2 అంగుళాలది 50.8 మిల్లీమీటర్లు. చూడ్డానికి రెండూ ఒకటే. 50 మిల్లీమీటర్ల కప్లర్ ఆ పెద్ద బంతి మీద పూర్తిగా దిగదు, దిగినట్టు కనిపిస్తుంది. కప్లర్ మీద ముద్రించిన కొలతా బంతి మీది కొలతా ఒకటే అయితేనే తగిలించండి.

లైట్ల వైర్లను కారు వెనక లైటు వైరుకు నేరుగా అతికించనివ్వకండి. ఇప్పటి కార్లలో లైట్ల కరెంటును కంప్యూటరు గమనిస్తూ ఉంటుంది, తేడా వస్తే లోపం చూపిస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కరెంటు తీసుకునే మాడ్యూల్ పెట్టించండి. ఆ తర్వాత ఎప్పుడైనా ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు కూడా మినుకుమినుకుమన్నా, హెడ్‌లైట్లు వేయగానే ట్రైలర్ లైట్లన్నీ మందగించినా బల్బులు మార్చకండి. తెల్ల వైరు, అంటే ఎర్త్, బాడీకి బిగించిన చోట తుప్పు పట్టి ఉంటుంది. రంగు గీకి, మెరిసే ఇనుము మీద మళ్లీ బిగించండి.

ప్రశ్న: 90 కిలోమీటర్ల వేగంలో ఒక లారీ దాటుకుని వెళ్లగానే మా సామాను ట్రైలర్ అటూ ఇటూ ఊగిపోయింది. ట్రైలర్ మొత్తం బరువు 1,100 కిలోలే. పికప్ అయితే ఇలా జరిగేది కాదా?

జవాబు: పికప్పులో చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి కొంత తట్టుకునేది. అయితే రోగం కారుది కాదు, సర్దుబాటుది. ఎడ్లబండి తోలినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. బరువు వెనక్కి పోతే నొగ పైకి లేస్తుంది. ట్రైలర్‌లో అదే జరిగితే బంతి మీద పట్టు తగ్గి తోక ఊపడం మొదలవుతుంది.

ముందు టంగ్ వెయిట్ తూచండి. ఇంట్లో బరువు చూసుకునే మామూలు కాటా చాలు. ప్రయాణానికి సర్దినట్టే సామానంతా సర్ది, సమతలమైన చోట ట్రైలర్ చక్రాలకు అడ్డు పెట్టండి. గట్టి దూలం ఒకటి తీసుకుని, ఒక చివర ఇటుక మీద పెట్టిన ఇనుప గొట్టం మీద, రెండో చివర కాటా మీద ఆనించండి. గొట్టానికీ కాటా మధ్యకూ దూరం కచ్చితంగా 90 సెంటీమీటర్లు ఉండాలి. ఆ గొట్టం నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర దూలం మీద నొగను దించండి. కప్లర్ ఎత్తు కారుకు తగిలించినప్పుడు ఎంత ఉంటుందో అంతే ఉండాలి. కాటా చూపిన అంకెలోంచి దూలం ఒక్కటే ఉన్నప్పటి అంకె తీసేసి, మిగిలినదాన్ని 3తో హెచ్చించండి.

24 వచ్చిందనుకోండి, టంగ్ వెయిట్ 72 కిలోలు. 1,100లో అది ఆరున్నర శాతం. కనీసం 110 కావాలి. బంతి నుంచి ఇరుసుకు 3.5 మీటర్లు ఉంటే, ఇరుసుకు 1.2 మీటర్లు వెనక ఉన్న 60 కిలోల జనరేటరును ఇరుసుకు మీటరు ముందుకు మార్చండి. 60ని 2.2తో హెచ్చించి 3.5తో భాగిస్తే దాదాపు 38. 72కు 38 కలిపితే 110. పైసా ఖర్చు లేకుండా పని అయిపోయింది. యూరప్ పద్ధతి టో బార్ (కారు వెనక బంతిని మోసే కడ్డీ) అయితే బంతి మీద 75 లేదా 100 కిలోలకు మించనివ్వని బళ్లు చాలా ఉన్నాయి. అక్కడ ట్రైలర్లనూ తక్కువ టంగ్ వెయిట్‌కు, తక్కువ వేగానికి తగ్గట్టే కడతారు. మీ బార్ మీది పలకలో ఏముంటే అదే పాటించండి.

ట్రైలర్ టైర్లలో గాలి తక్కువైనా, ముక్కు పైకెత్తినట్టు తగిలించినా కూడా ఊగుతుంది. ఊగడం మొదలైతే చేయాల్సింది ఇంతే: యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి, స్టీరింగును నేరుగా పట్టుకుని ఉంచండి, ట్రైలర్ బ్రేకు చేతి మీట ఉంటే దాన్ని మాత్రం నొక్కండి. కారు బ్రేకు గట్టిగా తొక్కితే వెనకనుంచి ట్రైలర్ నెట్టుకొస్తుంది. స్టీరింగుతో ఊపుకు ఎదురు తిప్పబోతే ఊపు రెట్టిస్తుంది.

ఇంకొకటి అడగాలి. మీ ట్రైలర్‌కు బ్రేకులు ఉన్నాయా? యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మీరున్న చోట చట్టం ఇంకాస్త వదిలేసినా, ఎస్‌యూవీతో లాగేవాళ్లు ఈ హద్దునే పాటించాలని గట్టిగా చెబుతాం. ఎలక్ట్రిక్ బ్రేకులుంటే ఖాళీ రోడ్డు మీద 30–40 కిలోమీటర్ల వేగంలో చేతి మీట నొక్కి చూడండి. ట్రైలర్ బండిని స్పష్టంగా వెనక్కి లాగాలి, చక్రాలు మాత్రం బిగుసుకుపోకూడదు.

ప్రశ్న: ట్రైలర్ తగిలించగానే కారు వెనక భాగం కిందికి కుంగుతోంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో పడుతున్నాయి. స్ప్రింగుల్లో పెట్టే గాలి తిత్తులు వేయిస్తే సరిపోతుందా?

జవాబు: కుంగడం పోతుంది, అసలు సమస్య ఉండిపోతుంది. బంతి వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది, అందుకని అది తులాదండంలా పనిచేస్తుంది. ముందు వెనక చక్రాల మధ్య 2.85 మీటర్లు, వెనక ఇరుసు నుంచి బంతికి 1.15 మీటర్లు అనుకుందాం. బంతి మీద 200 కిలోలు పడితే ముందు చక్రాల మీంచి 81 కిలోలు లేచిపోతాయి. వెనక ఇరుసు మీద 281 కిలోలు అదనంగా పడతాయి. స్టీరింగు తేలికైపోయిందని అనిపించడం దీనివల్లే. గాలి తిత్తులు వెనక భాగాన్ని లేపుతాయి తప్ప ఆ 81 కిలోలను ముందుకు తీసుకురావు.

తీసుకొచ్చేది స్ప్రింగు కడ్డీలతో పనిచేసే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. ముందు చక్రం పైన ఫెండర్ అంచు ఎత్తు కొలవండి. ఖాళీగా 760 మిల్లీమీటర్లు, తగిలించాక 784 ఉందనుకోండి. పెరిగిన 24లో కనీసం సగం తగ్గి 772 వచ్చేదాకా కడ్డీలు బిగించాలి. బండి మాన్యువల్ వేరే అంకె చెబితే అదే లెక్క. ఫ్రేము లేకుండా బాడీతోనే కట్టిన ఎస్‌యూవీల్లో కొన్నిటి తయారీదారులు ఈ హిచ్‌ను వద్దంటారు, ముందు మాన్యువల్ చూడండి. వద్దని ఉంటే ఆ ట్రైలర్ మీ కారుకు ఎక్కువే.

ప్రశ్న: ఎనిమిది నెలలు కదలకుండా ఉన్న పడవ ట్రైలర్‌ను బయటికి తీస్తున్నాం. ఏం చూసుకోవాలి?

జవాబు: అప్పుడప్పుడు లాగేవాళ్ల ట్రైలర్లు పాడయ్యేది తిరిగి కాదు, నిలబడే. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాళ్లు నిండా ఉన్నా ఐదారేళ్లు దాటితే మార్చేయండి. పక్కగోడలో సన్నని పగుళ్లుంటే అప్పటిదాకా కూడా ఆగకండి. ట్రైలర్‌కే ప్రత్యేకించిన టైర్లయితే చల్లగా ఉన్నప్పుడు, పక్కగోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి దాకా గాలి నింపండి.

పడవ ట్రైలర్‌కు బేరింగులే ప్రాణం. దారంతా వేడెక్కిన హబ్, అంటే చక్రం మధ్యలో బేరింగులుండే భాగం, చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, సీలు అంచునుంచి నీళ్లను పీల్చుకుంటుంది. మూత విప్పినప్పుడు గ్రీజు పాలలా తెల్లగా కనిపిస్తే నీళ్లు చేరాయన్నమాట. బేరింగులు తీసి కడిగి, గీతలు పడ్డవి మార్చి, కొత్త సీలు వేసి, జలనిరోధక గ్రీజు నింపండి. పడవ దించడానికి ముందు కాసేపు ఆగి హబ్‌లు చల్లారనిస్తే ఈ బాధ చాలా తగ్గుతుంది.

కప్లర్ బిగించాక నొగ జాకీతో కారు వెనక భాగాన్ని రెండు మూడు సెంటీమీటర్లు లేపి చూడండి. సరిగ్గా కూర్చోకపోతే అక్కడే ఊడొస్తుంది, రోడ్డు మీద కాదు. గొలుసులను నొగ కింద అడ్డంగా దాటించి కొక్కేలకు తగిలించండి, కప్లర్ ఊడినా నొగ నేలకు కొట్టుకోకుండా వాటిమీద పడుతుంది. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వాటంతటవే పడేలా చేసే బ్రేకవే తీగను బంతి కడ్డీకి కాకుండా కారుకే తగిలించాలి. 20 కిలోమీటర్లు వెళ్లాక ఆగి ప్రతి హబ్ మీదా చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే బేరింగో బ్రేకో పట్టేస్తోంది, ముందుకు వెళ్లకండి. చక్రాల నట్లను 80 కిలోమీటర్ల తర్వాత మరోసారి బిగించండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ ఎస్‌యూవీతో లాగొచ్చా?

జవాబు: శక్తికి కొదవలేదు, ఎత్తు ఎక్కడం హాయిగా ఉంటుంది. దూరమే చిక్కు. కారుకంటే ఎత్తైన ట్రైలర్ గాలిని ఎదుర్కొంటుంటే ఒక్క చార్జింగుతో వెళ్లే దూరం సగానికి దగ్గరగా పడిపోతుంది. చాలా చార్జింగు కేంద్రాల్లో ట్రైలర్ విప్పితే తప్ప చోటు దొరకదు. పైగా బరువైన బ్యాటరీ వల్ల మోసే బరువు తక్కువగా ఉండే బళ్లున్నాయి, చీటీ చదవడం ఇక్కడ మరీ అవసరం. చిన్న పడవ, దగ్గరి చెరువు అయితే నిశ్చింతగా లాగండి.

ప్రశ్న: మరి పికప్ తప్పనిసరి అయ్యేది ఎప్పుడు?

జవాబు: సామానుతో కలిపి ట్రైలర్ 2,500 కిలోలు దాటుతున్నప్పుడు. వారానికోసారి లాగుతున్నప్పుడు. హిచ్ ట్రక్కు తొట్టిలో, వెనక ఇరుసు పైనే ఉండే గూస్‌నెక్ లేదా ఫిఫ్త్ వీల్ ట్రైలర్ అయినప్పుడు, దానికి ఎస్‌యూవీలో చోటే లేదు. మట్టి, కంకర, పెట్రోలు డబ్బాలు మనుషులతో పాటు లోపల పెట్టుకోలేం కాబట్టి అలాంటి పని ఉన్నవాళ్లకు కూడా. ఏడాదికి ఒక్కసారి మాత్రమే పెద్ద బరువు లాగాల్సి వస్తే ఆ రోజుకు పికప్ అద్దెకు తీసుకోండి. తీసుకునే ముందు ఆ ఒప్పందంలో ట్రైలర్ లాగడానికి అనుమతి ఉందో లేదో చదవండి, చాలా అద్దె ఒప్పందాల్లో ఉండదు.