ఎముక స్కాఫోల్డ్ ముద్దయిపోతోందా?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం ఎముక స్కాఫోల్డ్ (ఎముక కణాలు పెరగడానికి ఆసరాగా ఉండే స్పాంజి) చేస్తున్నాను. 2 శాతం ఎసిటిక్ యాసిడ్‌లో 2 శాతం కైటోసాన్ (రొయ్య పొట్టు లాంటి వాటి నుంచి తీసే పదార్థం) కరిగించి, హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే కాల్షియం ఖనిజం) పొడి కలిపి, మైనస్ 80 డిగ్రీల్లో గడ్డకట్టించి ఫ్రీజ్ డ్రై చేశాను, అంటే మంచును నేరుగా ఆవిరిగా లాగేసి ఆరబెట్టాను. స్పాంజి చూడ్డానికి బాగానే ఉంది. మీడియంలో (కణాల్ని పెంచే పోషక ద్రవంలో) వేయగానే ఉబ్బి ముద్దవుతోంది. నిలిచిన ఒకటి రెండు ముక్కల్లోనూ కణాలు పైపొర దాటలేదు. తప్పెక్కడ?

జవాబు: ముద్దవడానికి కారణం ఆమ్లం. ఫ్రీజ్ డ్రైయర్ నీటిని లాగేస్తుంది గానీ, కొంత ఎసిటిక్ యాసిడ్ కైటోసాన్‌ను పట్టుకుని లవణంగా మిగిలిపోతుంది. ఆ లవణం నీళ్లలో కరుగుతుంది, ఆల్కహాల్‌లో కరగదు. కాబట్టి ఎండిన ముక్కల్ని ముందు ఆల్కహాల్‌లో నానబెట్టి, ఆ తర్వాతే 1 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలోకి మార్చండి. నేరుగా ఆ ద్రావణంలో వేస్తే క్షారం (సోడియం హైడ్రాక్సైడ్) లోపలికి చేరేలోపే నీటికి అంచులు ఉబ్బి రంధ్రాలు మూసుకుపోతాయి. తర్వాత డిస్టిల్డ్ వాటర్ మార్చి మార్చి కడగండి. కడిగిన నీటి పీహెచ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దు. ఒక ముక్కను నడిమికి కోసి, లోపలి భాగానికి పీహెచ్ కాగితం తాకించండి. అక్కడ 7 దగ్గరికి వచ్చాకే మళ్లీ ఫ్రీజ్ డ్రై చేయాలి. గాలికి ఆరబెడితే నీటి తలతన్యత గోడల్ని దగ్గరికి లాగి స్పాంజిని ముడుచుకుపోయేలా చేస్తుంది.

కణాలు లోపలికి వెళ్లకపోవడం వేరే సంగతి. మంచు స్ఫటికం ఉన్న చోటే రంధ్రం అవుతుంది. మైనస్ 80లో త్వరగా గడ్డకడితే స్ఫటికాలు చిన్నవి, రంధ్రాలూ చిన్నవే. 100 మైక్రాన్ల (0.1 మిల్లీమీటరు) లోపు రంధ్రాల్లో ఎముక పెరగడం కష్టం, రక్తనాళాలు కూడా రావాలంటే 300 దాటితే మేలు. మైనస్ 20లో నెమ్మదిగా గడ్డకట్టించండి. అలా చేస్తే పొడి అడుగుకు దిగే ప్రమాదం ఉంది. అందుకని పొడిని ముందు అల్ట్రాసోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో ముద్దల్ని విడగొట్టే పరికరం) విడదీసి కలపండి, ద్రావణాన్ని 4 డిగ్రీలకు చల్లార్చి చిక్కబడ్డాకే అచ్చులో పోయండి.

అచ్చుకు తగిలిన వైపు, పైవైపు సన్నని పొర కడుతుంది. చాలామంది దీన్ని గమనించరు, కణాలకు తలుపు వేసేది అదే. పదునైన బ్లేడుతో రెండు వైపులా 1 మిల్లీమీటరు తీసేయండి. తర్వాత ఒక చుక్క రంగునీళ్లు పైన వేసి చూడండి. అడుగున రంగు కనిపిస్తే దారులు కలిసినట్టే.

కణాల్ని మీడియంతో తడిపిన ముక్క మీద చిక్కటి చుక్కలుగా వేసి, 2 గంటలు ఆగి మిగతా మీడియం పోయండి. ఒకేసారి పోస్తే కణాలు ప్లేటు అడుగుకు జారిపోతాయి.

ఒక్క మాట: లోపలి స్పాంజి ఎముకే 2 నుంచి 12 మెగాపాస్కల్స్ ఒత్తిడి తట్టుకుంటుంది. మీ స్పాంజి దాని దరిదాపుల్లోకి కూడా రాదు. బరువు మోసే ఎముకకు పనికొస్తుందని రిపోర్టులో రాయకండి.

ప్రశ్న: పన్ను తీసిన చోట బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ (ఎముకకు బదులుగా నింపే కాల్షియం పదార్థం) గింజలు నింపారు. అవి అలాగే ఉండిపోతాయా?

జవాబు: ఉండిపోవు. ఒంట్లోని ద్రవాల్లో కొంత కరిగి, ఎముకను అరగదీసే కణాలు కొంత తినేసి, నెలల తరబడి నెమ్మదిగా తరుగుతాయి. ఆ జాగాలోకి మీ ఎముకే వస్తుంది. హైడ్రాక్సీఅపటైట్ అయితే ఏళ్ల తరబడి కదలదు. మొదటి రోజుల్లో ఒకటి రెండు గింజలు నోట్లోకి వస్తే కంగారు వద్దు. చీము, పెరుగుతున్న వాపు కనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చూపించండి. పొగ మానేయండి, అది చిగుళ్లకు రక్తం అందనివ్వదు.