గూడ్సు బండి నమూనాలు చేయబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి,

చిన్నతాత ఆశీస్సులు. కాజీపేట మీదుగా నడిచిన పాత గూడ్సు బండిని ఎనభై ఏడో వంతు కొలతలో, ఒక్కొక్క వ్యాగన్‌గా చేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఉద్యోగమంతా వ్యాగన్ల పక్కన నడుస్తూ నంబర్లు రాసుకున్న నంబర్ టేకర్‌ను నేను. మన ఇంట్లో మరొకరికి ఆ నంబర్ల మీద మనసు పోయిందంటే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో నీకు తెలుసు. కానీ ఫోను పెట్టేసే ముందు మీ అమ్మ, "వచ్చే వారం యార్డుకు వెళ్లి కొలతలు తీసుకుంటుందట చిన్నాన్నా" అన్నది. అందుకే ఈ ఉత్తరం ఇంత తొందరగా రాస్తున్నాను.

ముందు ఇది చదువు, మిగతాదంతా తర్వాత. అనుమతి లేకుండా యార్డులో అడుగు పెట్టవద్దు. నా భయం జరిమానా గురించి కాదు. ఇంజను కనబడకపోతే వ్యాగన్ కదలదని కొత్తవాళ్లు అనుకుంటారు. వ్యాగన్లను విడదీసి, అటూ ఇటూ జరిపి కలిపే షంటింగ్‌లో ఇంజను ఎక్కడో ఆ చివర ఉంటుంది. ఒక నెట్టు నెట్టి వదిలిందంటే ఖాళీ వ్యాగన్ చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వస్తుంది. టేపు పట్టుకుని, వ్యాగన్ల చివర దెబ్బ కాచుకునే బఫర్ల మధ్య వంగి ఉన్న మనిషికి అది తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. రెండో భయం పైన ఉన్న తీగ. అందులో 25,000 వోల్టులుంటాయి. దాన్ని ముట్టుకోనక్కరలేదు, దగ్గరికి వెళితే చాలు, కరెంటే మీదికి దూకుతుంది. ఫొటో కోసం వ్యాగన్ మీదికెక్కి కాలిపోయిన పిల్లల వార్త పేపరులో చూసినప్పుడల్లా నాకు ఆ రోజు అన్నం సహించదు. వ్యాగన్ పైభాగం చూడాలంటే స్టేషన్‌లో కాలినడక వంతెన ఉంది, అక్కడి నుంచి చూడు. ఆగి ఉన్న బండి కింద నుంచి దూరి అవతలి లైనుకు వెళ్లే అలవాటు మా సిబ్బందిలోనూ కొందరికి ఉండేది. ఎవరు పిలిచినా, ఎంత తొందరైనా, నువ్వు ఆ పని చేయవద్దు. నాకు మాట ఇవ్వు.

ఇప్పుడు పని సంగతి. నీ బండి ఏ సంవత్సరానిది? "పాతకాలం" అంటే కుదరదు బిడ్డా. మన దారికి చాలా పాతకాలాలున్నాయి. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1886లో వరంగల్ చేరింది, 1889లో బెజవాడ. 1880ల నడిమి నుంచి అది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీది. 1920ల చివర కాజీపేట నుంచి బల్లార్షాకు దారి పూర్తయ్యాకే ఢిల్లీ, మద్రాసు బండ్లకు మన ఊరు మలుపు అయింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. 1951 నవంబర్ 5న ఏర్పడిన సెంట్రల్ రైల్వేలోకి వెళ్లాం. 1966 అక్టోబర్ 2 నుంచి దక్షిణ మధ్య రైల్వే. ప్రతి మార్పుతో వ్యాగన్ పక్కన రాసే అక్షరాలూ మారాయి. అయితే ఉత్తర్వు వచ్చిన మర్నాడే పెయింటర్లు యార్డంతా తిరిగి రాయలేదు. వ్యాగన్ ఓవర్‌హాల్‌కు, అంటే పూర్తి మరమ్మతుకు, వర్క్‌షాపుకు వెళ్లినప్పుడు కదా కొత్త రంగు, కొత్త అక్షరాలు పడేది! అందుకే దక్షిణ మధ్య రైల్వే వచ్చాక కూడా సెంట్రల్ అక్షరాల వ్యాగన్లు కొన్నేళ్లు తిరిగాయి.

ఇంకో సంగతి చెబితే నువ్వు నమ్మలేవు. మన బండిలో అన్నీ మన రైల్వే వ్యాగన్లే ఉండేవి కావు. వెడల్పు పట్టాల మీద నడిచే బ్రాడ్‌గేజ్ వ్యాగన్లు దేశమంతటికీ ఉమ్మడి. బెల్లంపల్లి బొగ్గు దించిన వ్యాగన్‌లో మరో చోట మరో సరుకు ఎక్కించేవారు, అది తిరిగి మన దగ్గరికి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. నా పుస్తకంలో ఒక పేజీ తీస్తే ఉత్తర, తూర్పు, ఆగ్నేయ, పశ్చిమ రైల్వేల అక్షరాలన్నీ కలిసే ఉండేవి. నువ్వు మన ఊరి మీద ప్రేమతో ప్రతి వ్యాగన్ మీదా మన రైల్వే అక్షరాలే వేశావనుకో, ఒక్కొక్క వ్యాగన్ నిజమే అయినా బండి మాత్రం అబద్ధమవుతుంది.

నన్నడిగితే 1967 నుంచి 1975 లోపు ఒక సంవత్సరం ఎంచుకో. రెండు రకాల అక్షరాలూ ఉంటాయి, ముందు డబ్ల్యూజీ ఆవిరి ఇంజను పెట్టుకోవచ్చు, నాలుగు చక్రాల మూత వ్యాగన్లు, తెరిచిన వ్యాగన్లు, ఆయిల్ ట్యాంకులు, పొడవాటి బాక్స్ వ్యాగన్లు ఒకే బండిలో కలిసి వస్తాయి. చివర గార్డు బ్రేక్ వ్యాన్. తర్వాతి కాలంలో ఒకే రకం వ్యాగన్లతో ఒకే సరుకు మోసే బండ్లు ఎక్కువయ్యాయి, వాటిలో ఈ అందం లేదు. పైగా ఆ కాలం చూసినవాళ్లు ఇంకా బతికి ఉన్నాం, అడగవచ్చు.

ఇక మీ తాత సంగతి. నీకు ఇది ఎవరూ చెప్పి ఉండరు.

అన్నయ్య సిక్ లైనులో ఫిట్టరు. చెడిపోయిన వ్యాగన్లను పక్కకు తీసి బాగుచేసే లైను అది. చేతిలో గొప్ప పనితనం ఉండేది. ఒకసారి రైల్వే కుటుంబాలన్నీ కలిసి ఒక చిన్న ప్రదర్శన పెట్టుకున్నాయి. దానికోసం నిజాం కాలపు మూత వ్యాగన్‌ను టేకుతో చేస్తానన్నాడు. ఎక్కడో సంపాదించిన నిజాం నాటి ఫొటో ఒకటి ఉంది. యార్డు మూలన ఒక ముసలి వ్యాగన్ కూడా ఉంది. వెళ్లి దాన్ని అంగుళం అంగుళం కొలిచాడు. రాత్రులు వదినమ్మ దీపం పట్టుకుంటే తలుపు గొళ్ళెం, స్ప్రింగు ఆకులు, బ్రేకు మీట, అన్నీ చెక్కాడు. అక్షరాలు ఫొటోలో చూసి వేశాడు. ప్రదర్శనకు వచ్చినవాళ్లంతా ఆహా అన్నారు.

అప్పుడు ఒక ముసలాయన వచ్చాడు. నిజాం రోజుల్లో పని చేసి రిటైరైన వ్యక్తి. నమూనాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. చక్రాల ఇరుసు కొసన ఉండే ఆక్సిల్ బాక్సు మీద వేలు పెట్టి, "నాయనా, ఇది రోలర్ బేరింగు పెట్టె కదా, మా రోజుల్లో ఇది లేదు. మేము మూత తీసి నూనెలో తడిపిన నూలు కూరేవాళ్లం" అన్నాడు. తర్వాత పక్క రేకును తడిమి, "ఇక్కడ రివెట్లు ఉండాలి, ఇది తర్వాత వెల్డింగ్ చేసి మార్చిన రేకు" అన్నాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు, ప్రేమగానే చెప్పాడు. కానీ అన్నయ్య ముఖం చూడలేకపోయాను. తప్పు ఎక్కడ జరిగిందో చూడు. కొలతలు తప్పు కాదు, ఫొటో తప్పు కాదు. ముప్పై, నలభై ఏళ్ల మరమ్మతులు ఎక్కిన వ్యాగన్‌ను కొలిచి, దాని మీద ఆ మరమ్మతులకు ముందరి అక్షరాలు వేశాడు. అలాంటి వ్యాగన్ ఈ భూమ్మీద ఒక్కరోజు కూడా తిరగలేదు. రోజూ అటువంటి రేకులు మార్చే చేయి అతనిదే, అయినా ఆ మాట తట్టలేదు. ఎదురుగా ఉన్న వస్తువు మొదటినుంచీ అలాగే ఉందని నమ్మేయడం అంత సులువు.

ఆ తర్వాత అన్నయ్య మళ్లీ నమూనా చేయలేదు. నాకు ఆ మనిషి మీద కోపం లేదు, అన్నయ్య మీదే ఉంది. రెండు పెట్టెలు మార్చి, నాలుగు వరుసల రివెట్లు కొడితే సరిపోయేదానికి ఉలి కింద పెట్టేశాడు. నీకూ ఎవరో ఒకరు తప్పు చూపిస్తారు. ఆ రోజు అలిగి మూల కూర్చున్నావంటే నేనే వచ్చి తిడతాను. ఆ టేకు వ్యాగన్ నా దగ్గరే ఉంది. ఈసారి వచ్చినప్పుడు తీసుకుపో, కానీ దిద్దవద్దు. అది మీ తాత చేయి.

కాబట్టి ప్రతి వ్యాగన్‌కూ ఒక కాగితం పెట్టు. తయారైనప్పుడు ఎలా ఉందో ఒక పక్కన, నువ్వెంచుకున్న సంవత్సరానికి ఏమేమి మారాయో మరో పక్కన రాయి. ఆక్సిల్ బాక్సులు, చక్రాలు, రేకులు, బ్రేకులు, వ్యాగన్‌ను వ్యాగన్‌కు తగిలించే కప్లింగ్, ఇవి మారేవి. అడుగు చట్రం, తయారీ పలక సాధారణంగా మారవు. చట్రం పక్కన బిగించిన ఆ ఇనుప పలక మీద కట్టిన కంపెనీ పేరు, సంవత్సరం దొరకవచ్చు. జెస్సాప్, బర్న్, బ్రాత్‌వైట్ వంటి కలకత్తా పేర్లు నీకు తరచుగా కనిపిస్తాయి. రంగుతో రాసిన వాటిలో ఖాళీ బరువు, మోత బరువు, చివరి ఓవర్‌హాల్ ఎక్కడ ఎప్పుడు జరిగిందీ, మళ్లీ ఎప్పుడు రావాలో ఉంటుంది. ఫొటో వెనక తేదీ లేకపోయినా ఈ చిన్న అక్షరాలు చదవగలిగితే తేదీ దొరికినట్టే. ఇప్పటి వ్యాగన్ల మీది పదకొండు అంకెల నంబర్‌లో అయిదు, ఆరు అంకెలు తయారైన సంవత్సరం. ఆ పద్ధతి నీ బండి కాలానికి లేదు, పొరపాటున వేయకు.

ఫొటోలను పూర్తిగా నమ్మకు. కంపెనీ తీయించిన ఫొటోలో వ్యాగన్ కొత్తది, బురద లేదు, కొన్నిసార్లు ఫొటోలో బాగా కనబడాలని లేత బూడిద రంగు వేసి తీసేవారు. దాన్ని చూసి వ్యాగన్లు బూడిద రంగులో తిరిగాయనుకోవద్దు. పాత ఫిల్ముల్లో ఒక రకానికి ఎరుపు అంటదు, ఎర్రమట్టి రంగు దాదాపు నల్లగా పడుతుంది. మరో సంగతి, నిజాం రైల్వేకు మన్మాడ్ వైపు మీటర్‌గేజ్ కూడా ఉండేది. ఆ అక్షరాలు కనబడగానే మన వరంగల్ వ్యాగనే అని సంబరపడకు, ముందు పట్టాల వెడల్పు చూడు.

కొలతలు దొరకని చోట ఫొటోలోంచి తీయవచ్చు. బ్రాడ్‌గేజ్‌లో పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. బఫర్ మధ్యబిందువు పట్టా మీద నుంచి ఎక్కువలో ఎక్కువ 1,105, తక్కువలో తక్కువ 1,030 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. బరువు ఎక్కితే స్ప్రింగులు దిగుతాయి కదా, నీ బొగ్గు వ్యాగన్లు ఖాళీ వాటికంటే వెంట్రుకవాసి కిందికి ఉండాలి. ఎనభై ఏడో వంతులో అది ఒక మిల్లీమీటరు కూడా కాదు, అయినా కన్ను పట్టేస్తుంది.

ఆ కొలతలో మన పట్టాలు 19 మిల్లీమీటర్లకు కాస్త పైన రావాలి. బజారులో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవి, అవి విదేశాల స్టాండర్డ్ గేజ్‌కు సరిపోయేవి. వాటి మీద పెడితే మన వ్యాగన్ కాళ్లు దగ్గరికి ముడుచుకున్నట్టు ఉంటుంది. పట్టాలు నువ్వే వేసుకుంటావో, ఆ తేడాతో సర్దుకుంటావో మొదటి వ్యాగన్ చక్రం కొనకముందే తేల్చుకో. సర్దుకున్నా తప్పు లేదు.

దొరికిన నమూనాకు పేరు మార్చి పెట్టుకునే ఆలోచన ఉంటే మాత్రం మానుకో. బాక్స్ వ్యాగన్ ఈ చివర నుంచి ఆ చివరకు 13,729 మిల్లీమీటర్లు, 1980లలో వచ్చిన బాక్స్‌ఎన్ కప్లర్ నుంచి కప్లర్‌కు 10,713 మాత్రమే. పేరులో ఒక్క అక్షరం తేడా, నీ బల్ల మీద మూడున్నర సెంటీమీటర్ల తేడా. ఆ చివరి ఎన్ గాలి బ్రేకులకు గుర్తు, నీ బండికి ఉండాల్సినవి వ్యాక్యూమ్ బ్రేకులు.

కాగితాల కోసం హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారానికి, అదే స్టేట్ ఆర్కైవ్స్‌కు, వెళ్లు. నిజాం కాలపు దస్త్రాలు చాలావరకు ఉర్దూ, ఫారసీల్లో ఉంటాయి, చదవగలిగే వారిని వెంట తీసుకెళ్లు. ఢిల్లీ రైల్వే మ్యూజియంకు ఉత్తరం రాయి. వ్యాగన్ల మరమ్మతు, రాతల నియమాలకు ఇండియన్ రైల్వే కాన్ఫరెన్స్ అసోసియేషన్ వారి నిబంధనల మూడో భాగం, అందులోనూ నీ సంవత్సరానికి దగ్గరి ముద్రణ వెతుకు. జిగురు, రంగులు, పనిముట్ల గురించి నాకంటే నీకే బాగా తెలుసు.

దర్గా కాజీపేట వైపు, సోమిడి వైపు నాతో పని చేసినవాళ్లు ఇంకా ఉన్నారు. నేనే తీసుకెళ్తాను. వాళ్లను "రంగు ఎరుపే కదా?" అని అడగవద్దు. అవును అనేస్తారు, నీ ముఖం చిన్నబోతుందని. ఫొటో చేతిలో పెట్టి ఊరుకో. తలుపుకు వేసే సీసపు సీలు, క్లిప్పులో దూర్చే అట్ట లేబులు, పక్కన సుద్దతో రాసే ఊరి పేరు, ఇవన్నీ వాటంతట అవే బయటికి వస్తాయి. ఎవరు ఏది చెప్పారో వాళ్ల పేరుతో రాసుకో. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయి, పెద్దవాళ్ల మధ్య తీర్పు చెప్పకు. త్వరపడు బిడ్డా, వాళ్లలో నా కంటే చిన్నవాళ్లు ఎవరూ లేరు.

యార్డు అనుమతికి దరఖాస్తు రాసి ముందు నాకు పంపు, దిద్ది ఇస్తాను. ఏ తేదీన, ఏ లైనులో, ఎన్ని గంటలు అన్నది స్పష్టంగా రాయి. వెంట రైల్వే మనిషిని ఇమ్మని అడుగు, ఇవ్వకపోతే ఆ రోజు వెళ్లవద్దు. బూట్లు వేసుకో, చెవిలో పాటలు పెట్టుకోకు, చున్నీ ఇంట్లో వదిలిరా. దరఖాస్తులో నా పేరు కూడా చేర్చు, నేనూ వస్తాను. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయని మీ అమ్మ అంటుంది, పట్టించుకోకు.

ఇట్లు,
మీ చిన్నతాత
కాజీపేట