పెద్ద ఆడిట్ సంస్థలో చేరాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసయ్యాను. హైదరాబాద్‌లో బిగ్ ఫోర్ (ప్రపంచంలోని నాలుగు అతిపెద్ద ఆడిట్ సంస్థలు) సంస్థ ఒకదానిలో ఆర్టికల్‌షిప్ (సీఏ కోసం చేయాల్సిన పని శిక్షణ) వచ్చింది. నాన్నేమో ఊళ్లోని ఆడిటర్ గారి దగ్గరే చేరమంటున్నారు. ఏం చేయను మేడమ్?

జవాబు: వెళ్లమ్మా. నేను కడపలో బంగారు కొట్ల అమ్మకపు పన్ను, బ్యాంకు ఆడిట్లు అన్నీ ఒకే టేబుల్ మీద నేర్చుకున్నాను. పెద్ద సంస్థలో అలా కుదరదు. నెలల తరబడి ఒకే కంపెనీ స్థిరాస్తుల పట్టిక నీ చేతిలో పెట్టొచ్చు. విసుగే. కానీ ప్రతి అంకెకూ ఆధారం చూపిస్తూ వర్కింగ్ పేపర్ (ఆడిట్‌లో ఏం చూశామో రాసిపెట్టే పత్రం) రాయడం బాగా వస్తుంది. ఏప్రిల్, మేలలో రాత్రి భోజనం ఆఫీసులోనే అనుకో! 2023 జూలై నుంచి ఆర్టికల్‌షిప్ రెండేళ్లకు తగ్గింది కదా, అందుకే నిన్ను వేసేది ఆడిట్ విభాగంలోనా, ట్యాక్స్ విభాగంలోనా అన్నది చేరకముందే అడుగు. స్టైపెండ్‌తో హాస్టల్ ఫీజు గడుస్తుందో లేదో నాన్నగారితో కూర్చుని లెక్క వేసుకో.