బంతి గాల్లో ఉండగా

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి నాకు చేరి నెల దాటింది. ఫోన్లో రెండుసార్లు అడిగావు, రెండుసార్లూ "చూస్తున్నాను" అన్నాను. చదవడం నిజానికి మొదటి వారంలోనే అయిపోయింది. ఆ తర్వాత రాత్రిళ్ళు కూర్చుని ఒక పాత అమెరికన్ టీవీ సీరియల్ మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చూశాను. 'ఫ్రైడే నైట్ లైట్స్' దాని పేరు. ఐదు సీజన్లు, 76 ఎపిసోడ్లు. నీ నవల బాగుంది, కానీ ఎక్కడో కాలికి ముల్లు గుచ్చుకుంటోంది. ఆ ముల్లు ఏమిటో నీకు చెప్పడానికి నాకు మాట దొరకలేదు. ఆ సీరియల్లో దొరుకుతుందని మాత్రం గట్టిగా అనిపించింది.

నువ్వు రాసింది జిల్లా పరిషత్ హైస్కూల్ కబడ్డీ జట్టు కథ. అది టెక్సస్‌లో డిల్లన్ అనే ఊళ్ళో హైస్కూల్ ఫుట్‌బాల్ జట్టు కథ. మనం ఆడే ఫుట్‌బాల్ కాదులే, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడే అమెరికన్ ఆట. డిల్లన్ కల్పిత ఊరు. దాని వెనక ఒడెస్సా అనే నిజం ఊరు ఉంది, చమురు బావుల ఊరు. బజ్ బిసింజర్ అనే పాత్రికేయుడు సొంత ఊరు వదిలి అక్కడికి వెళ్ళి మకాం పెట్టి, 1988లో పెర్మియన్ హైస్కూల్ జట్టు వెంట తిరిగి 1990లో పుస్తకం రాశాడు. దాని మీద పీటర్ బర్గ్ 2004లో సినిమా తీశాడు, 2006లో టీవీకి తెచ్చాడు. టీవీలో కథ నడిపించే బాధ్యత జేసన్ కేటిమ్స్ తీసుకున్నాడు.

నేను మొదటిసారి చూసింది 2012లో, మా అబ్బాయి దగ్గరికి డల్లాస్ వెళ్ళినప్పుడు. శుక్రవారం చీకటి పడుతుంటే వాళ్ళింటి వెనక స్కూలు మైదానంలో పెద్ద దీపాలు వెలిగేవి. బ్యాండు మేళం ఇంట్లోకి వినిపించేది. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. పదహారేళ్ళ పిల్లల ఆటకి మన తిరునాళ్ళకి వచ్చినంత జనం వచ్చారు. బ్యాండులో మన తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటే, వాళ్ళ అమ్మలు మెట్ల మీద దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికొచ్చాక మా అబ్బాయి ఈ సీరియల్ పెట్టాడు.

అప్పుడు నేను చూసిందంతా ఎవరు గెలుస్తారా అని. ఆట తెలియకపోయినా ప్రతి మ్యాచ్‌కీ టెన్షన్ పడ్డాను. ఈసారి గెలిచేదెవరో, ఓడేదెవరో ముందే తెలుసు. అందుకని చూపు వేరే చోటికి వెళ్ళింది. మ్యాచ్ మొదలుకాగానే నేను లేచి మంచినీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. మ్యాచ్ అయిపోయి పిల్లలు ఇళ్ళకి వెళ్తుంటే మాత్రం కదల్లేకపోయాను.

మొదటి ఎపిసోడే తీసుకో. జేసన్ స్ట్రీట్ అని జట్టుకి క్వార్టర్‌బ్యాక్ ఉంటాడు. ఆట నడిపించేవాడన్నమాట. ఊరంతా వాడి మీదే ఆశ పెట్టుకుంది. మొదటి మ్యాచ్‌లోనే దెబ్బ తగిలి, మెడ కింద కదలిక లేకుండా పడిపోతాడు. వాడి చోట మ్యాట్ సారాసెన్ అనే పిల్లవాణ్ణి దింపుతారు. ఎవరూ పట్టించుకోని పిల్లవాడు, మాట సరిగా పెగలదు. వాడే ఆ మ్యాచ్ గెలిపిస్తాడు. ఇంకో రచయిత అయితే కథ ఇక్కడ పైకి లేపి ఎగరేసేవాడు. వీళ్ళేం చేశారో చూడు. మ్యాట్ ఇంటికి వెళ్తే మతిమరుపు ముదిరిన నాయనమ్మ ఉంటుంది. తండ్రి ఇరాక్ యుద్ధంలో ఉన్నాడు. ఇంట్లో పెద్దదిక్కు ఈ పిల్లవాడే. ఊరు వాడి పేరు అరుస్తుంటే, వాడు నాయనమ్మ మందులు వేసుకుందా లేదా అని చూసుకోవాలి. గెలుపు వచ్చి ఆ ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోతుంది, లోపలికి రాదు.

నీ నవలలో చివరి 62 పేజీలూ జిల్లా ఫైనల్ మ్యాచే. ఒక్కో కూత, ఒక్కో పట్టు, పాయింటు పాయింటుకీ రాశావు. కబడ్డీ నీకు బాగా తెలుసని ఒప్పుకుంటాను. బరిలో మట్టి వాసన నాకు తగిలింది. కానీ నీ కుర్రాడు గెలిచి ఇంటికి వెళ్తే ఎవరు తలుపు తీస్తారో నాకు తెలియదు. పుస్తకం మూసేశాక ఆ పిల్లవాడి కోసం దిగులు పడదామంటే నాకు దారి లేదు.

నాలుగో సీజన్లో ఐదో ఎపిసోడ్ ఒక్కటి నువ్వు తప్పకుండా చూడాలి. మిగతావి చూసినా చూడకపోయినా సరే. మ్యాట్ వాళ్ళ నాన్న ఇరాక్‌లో చనిపోతాడు. మూసిన పెట్టె వస్తుంది. ఆయన మంచి తండ్రేం కాదు. ఇంటిని, తల్లిని పిల్లవాడి నెత్తిన పెట్టి మళ్ళీ మళ్ళీ యుద్ధానికి వెళ్ళిపోయినవాడు. వచ్చినవాళ్ళంతా ఆయన వీరుడని చెప్తుంటే మ్యాట్ తల ఊపుతుంటాడు. ఒక రాత్రి వెళ్ళి ఆ పెట్టె తెరిపించి చూస్తాడు. లోపల ఏముందో మనకి చూపించరు, వాడి ముఖమే చూపిస్తారు. తర్వాత కోచ్ ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు అన్నం ముందు పగిలిపోతాడు. తనలో ఉన్న కోపమంతా తండ్రి మీదే పెట్టుకున్నానని, అలా పెట్టుకోబట్టే నాయనమ్మతో, మిగతావాళ్ళతో మంచిగా ఉండగలుగుతున్నానని, ఇప్పుడు ఆ మనిషే లేడని అంటాడు. కోచ్ ఏమీ బోధించడు. వాడితో పాటు లేచి, చీకట్లో ఇంటిదాకా నడిపిస్తాడు. చివరికి సమాధి దగ్గర అందరూ చూస్తుండగా మ్యాట్ పార అందుకుని తనే మట్టి పోయడం మొదలుపెడతాడు. పోస్తూనే ఉంటాడు.

నేను నా తండ్రికి కొరివి పెట్టినవాణ్ణి. ఆ రాత్రి ఆ సీన్ చూసి టీవీ ఆపేసి వసారాలో చాలాసేపు కూర్చున్నాను. ఇదంతా ఒక ఆటల సీరియల్లో ఉందని గుర్తు పెట్టుకో. నాలుగేళ్ళుగా ఆ పిల్లవాడి ఇంట్లోకి మనల్ని తీసుకెళ్తూ ఉన్నారు కాబట్టే ఆ పార బరువు మన చేతికి తెలుస్తుంది. 62 పేజీల ఫైనల్‌తో ఆ బరువు రాదు.

ఇంకో సంగతి. కోచ్ ఎరిక్ టేలర్, ఆయన భార్య టామీ. ఆ వేషాలు కైల్ చాండ్లర్, కోనీ బ్రిటన్ అనే నటులు వేశారు. 2004 సినిమాలోనూ కోచ్ భార్య వేషం బ్రిటన్‌దే. అక్కడ ఆమెకి పెద్దగా చేయడానికి ఏమీ లేదు, మైదానం మెట్ల మీద కూర్చుని చూడటమే. టీవీకి అదే వేషం వేయమంటే ఆమె వెనకాడింది. మళ్ళీ మెట్ల మీద కూర్చోబెట్టబోమని మాట ఇచ్చాకే ఒప్పుకుంది. ఆ మాట నిలబెట్టుకున్నారు కాబట్టే ఆ సీరియల్ ఇవాళ్టికీ నిలబడింది. టామీ స్కూల్లో పిల్లలకి సలహాలు చెప్పే ఉద్యోగం చేస్తుంది, తర్వాత ప్రిన్సిపాల్ అవుతుంది. ఒక పిల్ల విషయంలో తను చేసిన దాంట్లో తప్పు లేదని, క్షమాపణ చెప్పనని నిలబడి ఆ పదవి పోగొట్టుకుంటుంది. మొగుడూ పెళ్ళాలు వంటింట్లో పోట్లాడుకుంటారు. డబ్బు గురించి, కూతురి గురించి, ఊరు మారడం గురించి. ఐదు సీజన్లలో ఆ ఇద్దరూ ఒకరినొకరు మోసం చేసుకోరు. మోసం లేకుండా, మూడో మనిషి లేకుండా ఒక పెళ్ళిని అన్ని గంటలు ఆసక్తిగా చూపించడం ఎంత కష్టమో రాసేవాడికే తెలుస్తుంది.

నీ డ్రిల్లు మాస్టారి భార్య మూడు చోట్ల కనిపిస్తుంది. మూడు చోట్లా టీ తెస్తుంది. నేను గుర్తు పెట్టి లెక్కపెట్టాను.

ఆ సీరియల్ తప్పు చేసిన చోటు కూడా చెప్తాను, ఎందుకంటే నీ రాతప్రతిలో అదే తప్పు ఉంది. రెండో సీజన్లో ల్యాండ్రీ అనే మంచి పిల్లవాడు, స్నేహితురాలి మీద చెయ్యి వేయబోయిన వాణ్ణి కొట్టి చంపుతాడు. శవాన్ని దాచడం, పోలీసులు, ఇదంతా ఎపిసోడ్ల కొద్దీ నడుస్తుంది. మొదటి సీజన్ని ప్రేమించినవాళ్ళే దీన్ని ఒప్పుకోలేదు. ఆ ఏడాది హాలీవుడ్ రచయితల సమ్మె వచ్చి సీజన్ 15 ఎపిసోడ్లకే ఆగిపోయింది. మూడో సీజన్ మొదలయ్యేసరికి ఆ హత్య ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ల్యాండ్రీ వేషం వేసిన జెసీ ప్లెమన్స్ ఎంత బాగా నటించినా దాన్ని కాపాడలేకపోయాడు. మామూలు బతుకు చాలదేమో, చూసేవాళ్ళు వెళ్ళిపోతారేమో అన్న భయంతో తెచ్చిపెట్టిన హత్యలాగే నాకు కనిపించింది.

నేనూ ఇదే చేశాను. నా రెండో నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు, పాఠకుల ఉత్తరాలు తగ్గాయని సంపాదకుడు అన్నాడు. కథలో ఒక చావు కావాలన్నాడు. నేత పని చేసుకునే ఇద్దరు అన్నదమ్ముల కథ అది. తమ్ముణ్ణి బావిలో పడేశాను. ఉత్తరాలు వచ్చాయి. కానీ ఆ తమ్ముడికి ఒక పెళ్ళి, ఒక అప్పు, అన్నతో తీరని ఒక మాట ఉన్నాయి. అవన్నీ ఆ బావిలోనే పోయాయి. ముప్పై ఏళ్ళయింది, ఇప్పటికీ ఆ నవలని తిరిగి తెరవలేదు. నీ పదిహేడో అధ్యాయంలో లారీ ప్రమాదం ఉంది కదా. అది కథలోంచి వచ్చిందా, భయంలోంచి వచ్చిందా, నీకే తెలుసు. భయంలోంచి వచ్చిందైతే తీసేయి. లారీ లేకపోయినా ఆ పిల్లవాడికి కష్టాలు చాలినన్ని ఉన్నాయి.

ఆ సీరియల్ తీసిన పద్ధతి గురించి కూడా చెప్పాలి. నటుల్ని ఇక్కడ నిలబడు, అక్కడ తిరుగు అని గీతలు గీసి ఉంచేవారు కాదు. రిహార్సల్ లేదు. మూడు కెమెరాలు భుజాల మీద పెట్టుకుని వాళ్ళు ఎటు వెళ్తే అటు తిరిగేవారు. రాసిన మాట నోటికి సరిగా రాకపోతే మార్చుకునే స్వేచ్ఛ నటులకి ఉండేది. అందుకే మాటల మధ్య మాటలు పడతాయి, ఒకళ్ళు చెప్తుంటే ఇంకొకళ్ళు పక్కకి చూస్తారు. కాగితం మీద మనకి కెమెరాలు లేవు. కానీ నీ సంభాషణల్లో ప్రతివాడూ ఎదుటివాడు పూర్తి చేసేదాకా ఆగి, పూర్తి వాక్యంలో జవాబు చెప్తున్నాడు. మన ఊళ్ళల్లో ఎవరు అలా మాట్లాడతారు చెప్పు? ఒకసారి ఆ స్కూలు గ్రౌండుకి వెళ్ళి, ఏమీ రాసుకోకుండా ఒక సాయంత్రం కూర్చుని రా. బిసింజర్ మకాం మార్చింది ఇందుకే.

పాఠకులు తక్కువని దిగులు పడకు. ఆ సీరియల్‌నీ చూసినవాళ్ళు తక్కువే. దాన్ని ప్రసారం చేసిన ఎన్‌బీసీ ఛానెల్ ఒక్కటే ఖర్చు భరించలేక మూడో సీజన్ నుంచి డైరెక్ట్‌టీవీ అనే శాటిలైట్ టీవీ కంపెనీతో పంచుకుంటే గానీ అది బతకలేదు. చివరి సీజన్ అయ్యాక, 2011లో, చాండ్లర్‌కి ఉత్తమ నటుడిగా, కేటిమ్స్‌కి ఆఖరి ఎపిసోడ్ రచనకి ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చాయి.

ఆ ఆఖరి ఎపిసోడ్‌లో నీకు పనికొచ్చేది ఉంది. అప్పటికి కోచ్ పాత జట్టులోంచి తీసేయబడి, ఊరికి తూర్పున ఉన్న పేద స్కూలుకి వెళ్ళి ఉంటాడు. ఆ జట్టుతో మొదటి మ్యాచ్ సగంలోనే, దెబ్బలు తిన్న పిల్లల్ని ఇంకా కొట్టించలేక, ఓటమి ఒప్పుకుని ఆపేసిన మనిషి. రెండో ఏడాదికి అదే జట్టు రాష్ట్ర ఫైనల్‌కి వస్తుంది. అదే సమయంలో టామీకి ఫిలడెల్ఫియాలో ఒక కాలేజీలో పెద్ద ఉద్యోగం వస్తుంది. ఇన్నేళ్ళు ఆయన ఉద్యోగం వెంట ఆమె ఊళ్ళు మారింది. మాల్‌లో జనం మధ్య నిలబడి, నన్నూ ఫిలడెల్ఫియా తీసుకెళ్తావా అని ఆయన భార్యని అడుగుతాడు. నా లెక్కలో ఆ సీరియల్ ఫైనల్ అదే. స్టేడియంలో జరిగింది కాదు.

స్టేడియంలో ఏం జరిగిందంటే, చివరి క్షణంలో విన్స్ అనే కుర్రాడు బంతిని శక్తి కొద్దీ విసురుతాడు. ఆ పాత్ర వేసింది మైకేల్ బి. జోర్డన్, తర్వాత పెద్ద హీరో అయ్యాడు. బంతి పైకి లేస్తుంది. అందరూ తలలెత్తి చూస్తుంటారు. బంతి ఇంకా గాల్లో ఉండగానే కథ ఎనిమిది నెలలు ముందుకి వెళ్ళిపోతుంది. గెలిచారన్న సంగతి వేలికున్న ఉంగరం చూసి మనం తెలుసుకోవాలి. ఆ ఉంగరాన్నే సైన్యంలో చేరడానికి బస్సెక్కుతున్న ఒక కుర్రాడు తను ప్రేమించిన పిల్ల చేతిలో పెట్టి వెళ్తాడు. అటు ఫిలడెల్ఫియాలో కోచ్ కొత్త పిల్లల ముందు తన పాత నినాదం అంటే, దానికి ఏం బదులు చెప్పాలో వాళ్ళకి తెలియదు. దీపాలు ఆరిపోతాయి. భార్యాభర్తలు నడుచుకుంటూ వెళ్తారు.

నీ 62 పేజీలు పదికి తగ్గించు. ఆ పదిలోనూ కుర్రాడు చివరి కూతకి బరి దాటే చోట ఆపు. మిగిలిన 52 పేజీలు కుర్రాడి ఇంటికి, మాస్టారి ఇంటికి పంచిపెట్టు. ఇప్పుడున్నదాంట్లో కొట్టేయకూడనిది ఒకటుంది: 88వ పేజీలో మాస్టారు ఓడిపోయిన పిల్లల్ని బస్సు దగ్గర లెక్కపెట్టుకుంటూ ఒకణ్ణి రెండుసార్లు లెక్కపెట్టడం. అక్కడ నువ్వు రచయితవి. ఒక్క అక్షరం మార్చకు.

మొత్తం మళ్ళీ రాసేదాకా నాకేమీ పంపొద్దు. కానీ రాయడం మొదలుపెట్టే ముందు, టీ తెచ్చే ఆ ఇల్లాలికి ఒక పేరు పెట్టు. పెట్టగానే ఫోన్ చేసి ఆ పేరు నాకు చెప్పు. రాత్రి ఎంత పొద్దుపోయినా పరవాలేదు, మెలకువగానే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య