మూగజీవాల ముచ్చట్లు: బుస కొడితే భయం లేదు, ఈల వేస్తేనే

ప్రశ్న: డాక్టర్ గారూ, మా మరిది దుబాయ్ పోతూ పోతూ తన సుల్కాటా తాబేలును మాకు అప్పజెప్పి పోయాడు. తెచ్చినప్పుడు అరచేతిలో పట్టేదట, ఇప్పుడు ఇద్దరు పడితే గానీ లేవదు. పిల్లలు ‘బండన్న’ అని పిలుస్తారు. పగలంతా వెనక వాకిట్లో షాబాద్ బండల మీద తిరుగుతుంది, రాత్రి బోరు మోటారు పక్కన గోడవార పడుకుంటుంది. దగ్గరికి పోతే బుస కొడుతుంది. ఎండాకాలంలో ఒకరోజు బోర్లించిన బకెట్ మీదికెక్కి గట్టిగా మూలిగితే వాడకట్టంతా వచ్చి చూసింది. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు సంక్రాంతి దగ్గర్నుంచి ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. ముక్కు దగ్గర బుడగలు వస్తున్నాయి. పాలకూర, టమాట, పెరుగన్నం ఇష్టంగా తినేది, ఇప్పుడు మూతి తిప్పుకుంటోంది. మా ఆయన వయసు మీద పడిందంటారు. పక్కింటివాళ్లు కుక్కలకు గోమార్లు, నులిపురుగులు పోవడానికిచ్చే ఐవర్‌మెక్టిన్ మందు వేయమంటున్నారు. మా అత్తమ్మేమో భద్రకాళి చెరువులో వదిలేసి దండం పెట్టుకొని రమ్మంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: అమ్మా, ముందుగా ఆ రెండు సలహాలూ పక్కన పెట్టండి. ఐవర్‌మెక్టిన్ మంచి మందే. బర్రెలకు, గొర్రెలకు నా సర్వీసంతా వేశాను. కానీ తాబేలుకు అది విషం. కాళ్లు, మెడ చచ్చుబడి ప్రాణమే పోవచ్చు. ఇక చెరువు సంగతి. సుల్కాటా నేల మీద బతికే తాబేలు, దానికి ఈత రాదు. భద్రకాళి చెరువులో వదిలితే మునిగి చస్తుంది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందన్నట్టు అవుతుందని అత్తమ్మగారికి నా మాటగా చెప్పండి.

మీరు రాసిన చప్పుళ్లు మూడు. మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. వీధిని పోగేసిన చప్పుడు గురించి నాకు దిగులు లేదు. ఎవరికీ వినపడని ఆ సన్నటి ఈలే నన్ను కంగారు పెట్టింది.

బుస సంగతి చూద్దాం. తాబేలు పక్కటెముకలు పైడొప్పకు అతుక్కుపోయి ఉంటాయి. మనలా ఛాతీ పొంగదు, మనకు ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి ఆడించే డయాఫ్రమ్ కండరం లాంటిదీ లేదు. లోపలి కండరాలతో, కాళ్ల కదలికతో గాలి ఆడించుకుంటుంది. భయపడి తల, కాళ్లు ఒక్కసారి లోపలికి లాక్కుంటే వాటికి చోటు కావాలి కదా, ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి బయటికి తన్నుకొస్తుంది. మనకు వినిపించే బుస అదే. కోపమూ కాదు, రోగమూ కాదు.

బకెట్ మీది మూలుగు మగతనం. బండన్న అడుగుడొప్ప మధ్యలో గుంటగా, తోక కాస్త పొడుగ్గా ఉంటే వాడు మగవాడే. ఈడొచ్చిన మగ సుల్కాటాకు బకెట్టయినా, బండరాయి అయినా, మీ ఆయన బూటయినా ఒకటే. ఆ సమయంలో గొంతెత్తుతాడు, ఆ తర్వాత మామూలే. ఒకవేళ ఆడదైతే, వెనక కాళ్లు తన్నుకుంటూ ముక్కుతూ ఏమీ బయటికి రాకపోతే గుడ్డు అడ్డం పడిందేమో చూడాలి. మగదైనా ఆడదైనా అలా ముక్కడానికి మూత్రకోశంలో రాయి కూడా కారణం కావచ్చు. మూత్రంతో తెల్లని ముద్ద మెత్తగా పడితే ఫర్వాలేదు. ఇసుకలా గరగరలాడితే నీళ్లు చాలడం లేదని అర్థం.

ఇప్పుడు ఈల. నిద్రలో, మెలకువలో ప్రతి శ్వాసకూ వస్తూ, దానికి బుడగలు, తిండి మానడం తోడైతే అది శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ అనే అనుకొని కదలాలి. మనకు సర్ది చేస్తే దగ్గి, చీది బయటపడతాం. తాబేలు మనలా దగ్గలేదు. లోపల చేరిన చీము కూడా గేదె చీములా జారదు, గట్టిపడి పేరుకుపోతుంది. అందుకే ‘నాలుగు రోజులు చూద్దాం’ అనడం నాకు నచ్చదు. వయసు మాట కూడా వదిలేయండి. ఈ జాతి డెబ్బై ఏళ్లు దాటి బతకగలదు.

ఎందుకొచ్చింది అంటారా? సుల్కాటా సొంతూరు సహారా ఎడారికి దక్షిణపు అంచు, సెనెగల్ నుంచి సూడాన్ దాకా. అక్కడ మట్టిలో లోతుగా బొరియ తవ్వుకొని చలినీ ఎండనూ తప్పించుకుంటుంది. శీతాకాలమంతా నిద్రపోయే జాతి కాదు. మీ షాబాద్ బండ మీద ఏం తవ్వుతుంది? జనవరిలో మన దగ్గర రాత్రి 15 డిగ్రీలకూ దిగుతుంది, పైగా మోటారు పక్కన తడి. పొడి చలికన్నా తడి చలి దానికి ఎక్కువ చేటు.

ఈ రాత్రికే ఇంట్లోకి తెచ్చి పొడి గదిలో, గోనెసంచులో గడ్డో పరిచి పడుకోబెట్టండి. జబ్బు తగ్గేదాకా రాత్రీ పగలూ 28, 30 డిగ్రీల మధ్య ఉంచాలి. వెలుగు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్ అయితే మేలు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌తో పెట్టండి. కుంపటి వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. గోరువెచ్చని నీళ్లు గడ్డం కిందికి ఉండేలా పోసి పావుగంట నిలబెట్టి, పూర్తిగా తుడవండి. విక్స్, తేనె, మిరియాలు, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు ఏవీ వద్దు. ముక్కు చూద్దామని వెల్లకిలా తిప్పకండి, ఊపిరితిత్తులు పైడొప్ప కింద ఉంటాయి, లోపలి అవయవాల బరువంతా వాటి మీద పడుతుంది.

రేపు పొద్దున్నే మామునూరు పశువైద్య కళాశాలకు ఫోన్ చేసి తాబేలు కేసు అని ముందే చెప్పండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లో సరీసృపాలు చూసే డాక్టర్ దగ్గరికి పోవాలి. వడ్ల బస్తాలు తూచే కాంటా మీద తూకం వేసుకొని పోండి, డోసు బరువును బట్టే ఉంటుంది. ఎక్స్‌రే పైనుంచి ఒక్కటి తీస్తే చాలదు, పక్కనుంచి, ముందునుంచి కూడా తీయమనండి. ఇంజక్షన్ సాధారణంగా ముందుకాళ్లకే వేస్తారు. వెనక కాళ్లకు వేస్తే మందు ముందు కిడ్నీలకు పోయే వీలుంది. మెడ పైకి చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే రేపటిదాకా కూడా ఆగొద్దు.

తిండి కూడా మారాలి. పెరుగన్నం పూర్తిగా బంద్. పాలకూరలో కాల్షియాన్ని ఒంటికి పట్టనీయని ఆక్సలేట్లు ఎక్కువ, రోజూ పనికిరాదు. టమాట కూడా దానికి తిండి కాదు. దాని తిండి గడ్డి: గరిక, ఎండుగడ్డి, పైన మందార ఆకులు, మల్బరీ ఆకులు, ముళ్లు తీసిన నాగజెముడు. గడ్డి కోసం పత్తి చేల గట్ల మీదికి మాత్రం పోకండి. మన జిల్లాలో ఆ గట్లకు ఏ మందు ఎప్పుడు కొట్టారో కొట్టినవాళ్లకే తెలియాలి. పిల్లలు బండన్నను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ఆరోగ్యంగా ఉన్న తాబేలు ఒంటి మీద కూడా మనకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు.

ఒక కాగితం పని కూడా ఉంది. ఇలాంటి విదేశీ జాతులు పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీ మరిది చేశాడో లేదో ఇవాళే ఫోన్ చేసి అడగండి. చేయకపోతే అటవీ శాఖ ఆఫీసుకు పోయి మాట్లాడండి.

ప్రశ్న: నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని మా బావ ఒకటి ఇప్పిస్తానంటున్నాడు. ఎలా పెంచాలి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: పెంచకూడదు తమ్ముడూ. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువు. కొన్నా, అమ్మినా, ఇంట్లో పెట్టుకున్నా నేరమే. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. కలిసొచ్చేది కేసే. బావ ఇప్పటికే తెచ్చి ఉంటే పొలంలోనో గుట్ట మీదనో వదలకుండా అటవీ శాఖ వాళ్లకు అప్పజెప్పమనండి.